నిషేధించిన ఆట, దాచిన మాట

గత నెల ఒక శుక్రవారం, జుమా నమాజు అనంతరం, మార్కాపురంలో ఒక మిత్రుని ఇంట భోజనానికి కూర్చున్నాము. ఆయన చాలాకాలం పలకల ఫ్యాక్టరీలో పనిచేసి, ఇప్పుడు సొంతంగా ఆటో నడుపుకుంటున్నారు. దస్తర్‌ఖాన్ మీద మాతోపాటు ఆయన తమ్ముడు కూడా ఉన్నారు. గిద్దలూరు నుండి పొద్దున రైలులో బయలుదేరి, మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, నేరుగా మస్జిదుకే వచ్చారట. అన్నదమ్ములిద్దరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవడం మూడేళ్ళ తర్వాత అదే మొదటిసారి అని భోజనం నడుమ మాకు తెలిసింది. ఇంతకాలం దూరం ఎందుకు వచ్చిందని అడిగితే, మిత్రుడు తల వంచుకొని, "ఒక ఆట, భాయ్‌సాబ్" అన్నారు.

ఆ కుటుంబం అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాము. పేర్లు అవసరం లేదు.

2022లో వారి పెద్దబ్బాయి ఎనిమిదవ తరగతి చదువుతున్నాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్మార్ట్‌ఫోను తల్లిది. ఆ ఏడాది జూలై 28న బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే ఆటను గూగుల్, యాపిల్ సంస్థలు తమ అంగళ్ళ నుండి తీసివేశాయి. పిల్లలు దానిని బీజీఎంఐ అంటారు. పాత అలవాటు కొద్దీ పబ్‌జీ అనే అంటారు. తోటి విద్యార్థుల ఫోనుల్లో ఆ ఆట అంతకుముందే ఉన్నది. వీని తల్లి ఫోనులో లేదు. ఒక స్నేహితుడు తన ఫోను నుండి ఆ ఫైలును వీనికి పంపించాడు. అలా మొదలైంది.

ఆటలో తుపాకులకు రంగులు, బొమ్మకు దుస్తులు కొనుక్కోవడానికి యూసీ అనే ఒక నాణెం ఉంటుంది. అసలు డబ్బు ఇచ్చి దానిని కొనాలి. టెలిగ్రామ్‌లో ఎవరో సగం ధరకు యూసీ ఇస్తామన్నారు. అబ్బాయి తల్లి ఫోను నుండి 400 రూపాయలు పంపాడు. యూసీ రాలేదు. పన్ను కట్టాలన్నారు, 1,500 పంపాడు. ఖాతా స్తంభించింది, విడిపించాలన్నారు, మరో 1,500. చివరకు, మొత్తం సొమ్ము తిరిగి ఇచ్చేస్తాము గాని ముందుగా 3,000 జమ చేయాలన్నారు. అదీ పంపాడు. మొత్తం 6,400 రూపాయలు. అది ఆ తల్లి పొదుపు సంఘం అప్పు కంతు కోసం కూడబెట్టిన సొమ్ము.

అబ్బాయి సందేశాలన్నీ చెరిపివేశాడు. పలక మీద రాత తడిగుడ్డతో పోతుంది గాని బ్యాంకు ఖాతాలో రాత పోదు కదా. కంతు కట్టవలసిన నాడు తల్లి చూసుకుంటే నాలుగు చెల్లింపులు, అన్నీ ముక్కూమొహం తెలియని పేరు మీద. ఆమె ఫోను రహస్య సంఖ్య తెలిసినది ఇంట్లో ఒక్క మరిదికే. ఆయనే ఆమెకు రీచార్జి చేసిపెట్టేవారు. ఆమె ఆయనను అడిగారు. అడగడంలో ఏ మాట జారిందో ఇద్దరూ ఇప్పుడు చెప్పడం లేదు. ఆయన ఆ వారమే భార్యాబిడ్డలతో గిద్దలూరు వెళ్ళి అక్కడే అద్దె ఇంట్లో ఉండిపోయారు. రెండు పండుగలు కాదు, ఆరు పండుగలు రాకపోకలు లేకుండా గడిచాయి. అబ్బాయి చూస్తూ ఊరుకున్నాడు. ఈ మధ్యనే, పదవ తరగతి పూర్తయిన తర్వాత, ఒక రాత్రి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చొని చెప్పాడట.

ఇది విన్నప్పుడు మాకు ఆ మోసగాని మీద వచ్చిన కోపం కన్నా, ఆ పిల్లవాని మూడేళ్ళ మౌనం మీద కలిగిన దిగులే ఎక్కువ. వాడు ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నకు వాడు ఇచ్చిన జవాబు చివర రాస్తాము. ముందుగా, ఈ నిషేధాలు ఏమిటో, ఎవరి మీద పడతాయో, పిల్లలు వాటిని ఎలా దాటిపోతారో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. మనలో చాలామందికి ఇందులో ఒక అపోహ ఉన్నది.

పబ్‌జీ మొబైల్ 2018 మార్చిలో వచ్చింది. మూలం దక్షిణ కొరియాది. ఫోనులో ఆడే రూపాన్ని చైనాకు చెందిన టెన్సెంట్ సంస్థ తయారుచేసింది. కరోనా కాలంలో బడులు మూతపడి, పాఠాల కోసం అప్పో సప్పో చేసి మన ఇళ్ళలో ఫోనులు కొన్నాము. హైదరాబాదు, బెంగళూరు పనులకు వెళ్ళినవారు ఊళ్ళకు తిరిగివచ్చి ఖాళీగా ఉన్న రోజులవి. కంభంలో, తర్లుపాడులో, యర్రగొండపాలెంలో ఏ అరుగు మీద చూసినా నలుగురు కుర్రవాళ్ళు తలలు వంచుకొని ఒకే యుద్ధంలో ఉండేవారు. పాఠం కోసం వచ్చిన ఫోనులోకి ఆట కూడా వచ్చింది.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. సెప్టెంబరు 2న మరో 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్‌జీ ఉన్నది. ఆ రోజు ఎంతమంది తల్లులు ఊపిరి పీల్చుకున్నారో మాకు గుర్తున్నది. "ప్రభుత్వానికి మా పిల్లల మీద దయ కలిగింది" అని ఒక పెద్దావిడ మాతో అన్నారు. అపోహ అంటున్నది ఇదే. ఆ నిషేధం పిల్లల చదువు చెడిపోతున్నదని వేసినది కాదు. ఆటలో రక్తపాతం ఉన్నదనీ కాదు. సరిహద్దులో చైనాతో ఘర్షణ జరిగిన కాలమది. దేశ సార్వభౌమత్వానికి, భద్రతకు ముప్పు అనే కారణంతో, పౌరుల సమాచారం దేశం దాటిపోతున్నదనే కారణంతో, సమాచార సాంకేతిక చట్టం 2000లోని 69ఎ సెక్షను కింద ఆ ఉత్తర్వు వెలువడింది.

ఆ సెక్షను పని తీరు గమనించండి. ప్రభుత్వం ఆదేశించేది ఇంటర్నెట్ కంపెనీలను, యాప్‌ల అంగళ్ళను. ఆదేశం పాటించకపోతే ఏడేళ్ళ వరకు జైలు శిక్ష పడేది కూడా ఆ మధ్యవర్తి సంస్థల బాధ్యులకే. ఆట ఆడే పిల్లవాని ప్రస్తావన అందులో లేదు. అంటే తాళం వేసినది అంగడి తలుపుకు. అప్పటికే సరుకు ఇంటికి తెచ్చుకున్నవాని అలమారకు కాదు.

కనుకనే సెప్టెంబరు 2 తర్వాత కూడా పబ్‌జీ ఆగలేదు. అప్పటికే ఫోనులో ఉన్నవారు ఆడుతూనే ఉన్నారు. టెన్సెంట్ సంస్థ భారతదేశపు ఆటగాళ్ళకు సేవలను పూర్తిగా ఆపివేసినది అక్టోబరు 30న. ఆ రెండు నెలలూ లేనివారు ఉన్నవారి నుండి ఫైలు తీసుకున్నారు. ఒక ఫోను నుండి మరో ఫోనుకు ఫైలు పంపడానికి కుర్రవాళ్ళు వాడుతూ వచ్చిన షేర్‌ఇట్ కూడా జూన్ 29 నాటి 59 యాప్‌లలో ఒకటి కావడం విశేషం. ఫోనులో పాతది మిగిలి ఉంటే, నిషేధించిన ఆట నిషేధించిన బండి ఎక్కి ఊరూరా తిరగవచ్చు.

అక్టోబరు 30 తర్వాత మరో దారి తొక్కారు. భారతదేశానికి మూసివేసిన ఆట కొరియాలో తెరిచే ఉన్నది. కొరియా కోసం చేసిన రూపాన్ని దించుకొని, వీపీఎన్ వేసుకొని ఆడేవారు. ఈ వీపీఎన్ అనే మాట ఇప్పుడు పదేళ్ళ పిల్లలకూ తెలుసు, తల్లిదండ్రులకు తెలియదు. గిద్దలూరులో రాసిన ఉత్తరాన్ని కవరులో పెట్టి, నంద్యాల వెళ్ళే మనిషి చేతికిచ్చి అక్కడి డబ్బాలో వేయించామనుకోండి. దాని మీద నంద్యాల ముద్ర పడుతుంది. అందుకున్నవారు నంద్యాల నుండి వచ్చిందనే అనుకుంటారు. వీపీఎన్ చేసేది అంతే. ఫోను మార్కాపురంలోనే ఉంటుంది. అవతలి కంప్యూటరుకు మాత్రం అది సియోల్‌లోనో సింగపూరులోనో ఉన్నట్లు కనిపిస్తుంది. అయితే ఉత్తరం మోసుకుపోయే మనిషి నమ్మకస్థుడేనా అని ఎవరూ అడగరు. ఉచితంగా దొరికే వీపీఎన్‌లు చాలావరకు ఊరూ పేరూ లేనివి. మన ఉత్తరాలన్నీ వారి చేతుల మీదుగానే పోతాయి.

ఇక్కడ మన పెద్దల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. వీపీఎన్ మన ఇళ్ళకు ఆటలతోనే వచ్చిందని చెప్పలేము. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ ద్వారా గొంతుతో మాట్లాడే కాల్స్ పనిచేయవు. అక్కడ పనిచేసే మనవారిలో కొందరు భార్యాబిడ్డలతో మాట్లాడడానికి ఈ అడ్డదారినే నేర్చుకున్నారు. వీపీఎన్‌ను నేరానికి వాడితే అక్కడి చట్టం 5 లక్షల దిర్హములకు తక్కువ కాకుండా జరిమానా విధిస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా, బిడ్డ గొంతు వినాలనే ఆరాటంలో వాడినవారున్నారు. వారిని తప్పుపట్టడానికి మాకు మనసు రాదు. కాని తండ్రి ఫోనులో ఉన్నది పిల్లవాడు చూస్తాడు. చట్టం ఒక గోడ, గోడకు ఎక్కడో ఒక కన్నం ఉంటుంది అని వాడు తొలిసారి నేర్చుకునేది బడిలో కాకపోవచ్చు.

ఆ తర్వాత జరిగినది మరింత విచిత్రం. కొరియా సంస్థ క్రాఫ్టన్ చైనా భాగస్వామిని పక్కన పెట్టి, అదే ఆటను 2021 జూలై 2న బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో మళ్ళీ తెచ్చింది. ఎర్రని రక్తాన్ని ఆకుపచ్చ చేశారు. "చంపడం" అనే మాట తీసివేసి "ముగించడం" అన్నారు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి రోజుకు 3 గంటలే ఆట, 7,000 రూపాయలకు మించి ఖర్చు చేయరాదు, తల్లి లేదా తండ్రి ఫోను నంబరు ఇవ్వాలి అన్నారు. సంవత్సరం తిరిగేసరికి అదీ అంగళ్ళ నుండి మాయమైంది. ఆ చర్య కూడా 69ఎ కిందనే జరిగినట్లు వార్తలు వచ్చాయి. మరి పది నెలలకు, 2023 మే నెలలో, మూడు నెలల పరిశీలన షరతు మీద మళ్ళీ వచ్చింది. ఫ్రీ ఫైర్ కథ వేరు. 2022 ఫిబ్రవరిలో నిషేధించిన 54 యాప్‌లలో అదీ ఒకటి. కాని దాని తోబుట్టువు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ గూగుల్ అంగడిలో అలాగే ఉన్నది. పాత ఖాతాతో అందులోకి పోయి, ఆపిన చోట నుండే ఆడుకోవచ్చు. ఆ పిల్లలకు అడ్డదారి వెతకవలసిన శ్రమ కూడా లేకపోయింది.

ఒక పిల్లవాడు ఈ నాలుగేళ్ళ చరిత్రను చూసి ఏమి అర్థం చేసుకోవాలి? నిన్న తప్పు, నేడు ఒప్పు, రేపు మళ్ళీ తప్పు. పేరు మారిస్తే ఒప్పు. నిషేధానికి ప్రభుత్వం వద్ద తగిన కారణాలు ఉండవచ్చు, దేశ భద్రతను తేలికగా తీసుకోమని మేము అనడం లేదు. కాని ఆ కారణాలు పన్నెండేళ్ళ పిల్లవానికి ఎవరూ చెప్పలేదు. వానికి కనిపించినది మూసిన తలుపు, దాని పక్కనే స్నేహితుడు చూపించిన సందు.

ముస్లిం దేశాలలో జరిగినదీ దాదాపు ఇదే. ఇరాక్ పార్లమెంటు 2019 ఏప్రిల్‌లో పబ్‌జీని, ఫోర్ట్‌నైట్‌ను నిషేధిస్తూ తీర్మానించింది. పాకిస్తాన్ టెలికం సంస్థ 2020 జూలై 1న పబ్‌జీని నిలిపివేసింది. ఇస్లామాబాద్ హైకోర్టు 24న ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 30న ఆట తిరిగి వచ్చింది. సౌదీ అరేబియా 2018లో 47 ఆటలను నిషేధించింది. 2024లో అదే దేశం రియాద్‌లో ఎలక్ట్రానిక్ ఆటల ప్రపంచ కప్పు నిర్వహించింది. ప్రభుత్వాల అభిప్రాయాలు మారుతాయి, వాటితో మనకు తగవు లేదు.

అయితే వీటన్నిటికన్నా మేము గుర్తుపెట్టుకోదగినది మరొక సంఘటన. 2020 జూన్‌లో పబ్‌జీలో ఒక కొత్త అడవి వచ్చింది. అందులో టోటెమ్ విగ్రహాల ముందు బొమ్మ వంగి మొక్కితే ఆటగానికి శక్తి వస్తుంది. గల్ఫ్ దేశాల తల్లిదండ్రులు, ఉలమాలు, ఆటగాళ్ళే కూడా అభ్యంతరం చెప్పారు. కొద్ది రోజుల్లోనే సంస్థ క్షమాపణ చెప్పి ఆ మొక్కే చర్యను తొలగించింది. ఏ చట్టమూ, ఏ తాళమూ అవసరం కాలేదు. పిల్లలు ఏమి ఆడుతున్నారో పెద్దలు చూశారు, చూసినది చెప్పారు. ఆ నెలలో మన ఇళ్ళలో ఎందరు పెద్దలు ఆ అడవిని చూసి ఉంటారు? మేమైతే చూడలేదు. వార్త చదివాకనే తెలిసింది.

పిల్లల ఆటల సంగతి ఇలా ఉంటే, డబ్బు పెట్టి ఆడే ఆటలది పూర్తిగా వేరే లెక్క. ఈ రెంటినీ కలిపి మాట్లాడడం వల్లనే ఇళ్ళలో గందరగోళం పుడుతున్నది. రమ్మీ నైపుణ్యం గల ఆట అని సుప్రీంకోర్టు చెప్పినది మన రాష్ట్రపు కేసులోనే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, 1967 నవంబరులో, జస్టిస్ ఎం. హిదాయతుల్లా ఆ తీర్పు రాశారు. ఏ ముక్కలు పడ్డాయో జ్ఞాపకం ఉంచుకోవాలి కనుక అది ఉత్త అదృష్టం కాదన్నారు. అర్ధ శతాబ్దం తర్వాత ఫోనులో రమ్మీ కంపెనీలు ఆ తీర్పును కవచంగా తొడుక్కున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో తమ తమ చట్టాలను సవరించి, నైపుణ్యమైనా కాకపోయినా ఆన్‌లైన్‌లో పందెం కాయడాన్ని నిషేధించాయి. మన రాష్ట్రంలో నిర్వాహకులకు మొదటి నేరానికి ఏడాది, రెండవసారి రెండేళ్ళు, ఆడేవారికి ఆరు నెలల జైలు అని నిర్ణయించారు. అప్పటి ముఖ్యమంత్రి 132 వెబ్‌సైట్లను, యాప్‌లను అడ్డుకోవాలని అక్టోబరులో కేంద్రానికి లేఖ కూడా రాశారు.

రాష్ట్రపు నిషేధం రాష్ట్రపు పొలిమేర దాకానే కదా. యాప్ మన ఫోను ఎక్కడున్నదో చూసి, ఆంధ్రప్రదేశ్ అయితే తలుపు తీసేది కాదు. ఫోనుకు తప్పుడు చిరునామా చెప్పే యాప్‌లు వెంటనే పుట్టుకొచ్చాయి. అవి కూడా అక్కరలేనివారు మన పశ్చిమ ప్రకాశంలో ఎందరో ఉన్నారు. దోర్నాల నుండి, కనిగిరి నుండి బెంగళూరుకు భవన నిర్మాణ పనులకు వెళ్ళేవారికి, ఇక్కడ మూసి ఉన్నది అక్కడ దిగగానే తెరుచుకునేది. కర్ణాటక కూడా 2021లో నిషేధం తెచ్చింది గాని 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు దానిని కొట్టివేసింది. వారం కూలి శనివారం రాత్రికి ఆవిరైన కథలు మేము ఒకటికి మించి విన్నాము. చివరకు 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదంతో కేంద్రమే చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, నడిపితే మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా; ప్రకటన ఇస్తే రెండేళ్ళు, 50 లక్షలు. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం అంచనా చెప్పింది. ఆ చట్టం ఆడేవానిని నేరస్థుడుగా గాక బాధితుడుగా చూసింది. అది మాకు నచ్చింది.

మైసిర్ విషయంలో మనకు పార్లమెంటు చెప్పవలసిన పని లేదు. దివ్య ఖుర్‌ఆన్ అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులు ఆ సంగతిని ఎన్నడో తేల్చాయి. అది బెంగళూరులో ఒకటి, మార్కాపురంలో ఒకటి కాదు. కాని జూదం ఎప్పుడూ జూదమనే పేరుతో రాదు. పిల్లల యుద్ధపు ఆటలలో క్రేట్ అనే పెట్టె ఒకటి ఉంటుంది. డబ్బుతో కొన్న నాణేలు చెల్లించి దానిని తెరవాలి. లోపల ఏమున్నదో తెరిచేదాకా తెలియదు. పది పెట్టెలు తెరిచినా కోరిన దుస్తులు రాకపోవచ్చు, ఇంకొక్కటి తెరిస్తే వస్తుందేమో అనిపిస్తుంది. బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ 2018లో ఇటువంటి పెట్టెలను జూదమేనని ప్రకటించి తీసివేయించింది. మన దేశంలో అవి పిల్లల చేతిలో ఉన్నాయి. "మావాడు డబ్బు ఆటలు ఆడడు, ఉత్త పబ్‌జీయే" అని చెప్పే తండ్రులు ఒకసారి వాని పక్కన కూర్చొని ఆ పెట్టె ఎలా తెరుచుకుంటుందో చూడాలి. దాని వెలుగులు, చప్పుడు చూస్తే మాకు జాతరలో చక్రం తిప్పేవాడు గుర్తుకు వచ్చాడు.

వయసు సంగతి కూడా చెప్పి అసలు విషయానికి వస్తాము. మూడు గంటల పరిమితి, ఖర్చు పరిమితి, ఇవన్నీ పిల్లవాడు తన వయసు నిజం చెబితేనే పనిచేస్తాయి. ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం అడుగుతుంది. 2009 అని వేయవలసిన చోట 1989 అని వేస్తే సరి. చాలా ఇళ్ళలో ఆ అంకె పిల్లవాడు వేయడు. తొందరలో ఉన్న తండ్రి వేస్తాడు, లేదా ఫోను అమ్మిన అంగడి కుర్రవాడు వేస్తాడు. ఓటీపీ వస్తే వంటింట్లో నుండి తల్లి చదివి వినిపిస్తుంది. ఇన్ని దేశాల అడ్డదారులలో అతి తేలికైనది ఇదే. దీనికి వీపీఎన్ అవసరం లేదు. మొన్న ఒక చిన్నవాడు మాతో తన వయసు ఫోనులో ముప్పై ఆరు అని నవ్వుతూ చెప్పాడు. ఎవరు వేశారని అడిగితే, "అబ్బా" అన్నాడు.

ఇప్పుడు ఆ మార్కాపురం అబ్బాయి సంగతి. భోజనాలయ్యాక వాడు చేతులు కడుక్కోవడానికి మాకు నీళ్ళు పోస్తూ ఉంటే అడిగాము, ఆ నాడే ఎందుకు చెప్పలేదని. వాడు కాసేపు ఊరుకొని, "ఆట నిషేధం కదా చాచా. చెబితే పోలీసులు అబ్బాను పట్టుకుపోతారనుకున్నాను. అమ్మీ ఫోను కదా, అమ్మీని కూడా అనుకున్నాను" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, ఆ టెలిగ్రామ్ వాడే చెప్పాడన్నాడు. నాలుగవసారి డబ్బు పంపేముందు వీడు వెనుకాడితే, నీవు ఆడేది నిషేధించిన ఆట, ఫిర్యాదు చేస్తే మీ ఇంటివారే లోపలికి పోతారు అని బెదిరించాడట.

అంటే నిషేధం ఆటను ఆపలేదు గాని, మోసగాని చేతికి ఒక కర్ర ఇచ్చింది. నిషేధం ఉన్నదని వానికి తెలుసు, ఎవరి మీద ఉన్నదో తెలియదు. 69ఎ ఉత్తర్వు ఆడిన పిల్లవానిని శిక్షించదని వానికి చెప్పినవారు లేరు. 2019లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో స్థానిక పోలీసు ప్రకటన ఆధారంగా పబ్‌జీ ఆడుతున్న యువకులను అరెస్టు చేసి బెయిలుపై విడిచిన మాట నిజం. ఆ వార్త ఫోనుల్లో తిరిగి తిరిగి, దేశమంతటా అదే చట్టమని పిల్లలు అనుకున్నారు. మోసపోయిన సొమ్ము వేరే విషయం, దానికి ఫిర్యాదు చేయవచ్చు. 1930 అనే నంబరుకు వెంటనే ఫోను చేస్తే, సొమ్ము అవతలి ఖాతా దాటిపోకముందే నిలిపివేయించే అవకాశం ఉంటుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ రాయవచ్చు. ఆ వెంటనే అన్నది ముఖ్యం. మొదటి 400 పోయిన సాయంత్రమే వాడు నోరు తెరిచి ఉంటే మిగిలిన 6,000 ఇంట్లోనే ఉండేవి. చిన్నాన్న కూడా.

మిత్రుడు ఈ మాటలన్నీ వింటూ, "చెప్పి ఉంటే నేను మాత్రం ఊరుకునేవాడినా భాయ్‌సాబ్? అప్పటికే రెండుసార్లు ఆట చూసి బెల్టు తీశాను" అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే మళ్ళీ, "పోలీసులకన్నా ముందు నాకే భయపడి ఉంటాడు" అన్నారు. అబ్బాయి చెంబు పట్టుకొని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో మరో పిల్లవాడు ఆరవ తరగతిలో ఉన్నాడు. వాడూ ఆడతాడు. ఫోను ఇప్పటికీ తల్లిదే. మొదటిపని, ఖాతాలో వాని అసలు పుట్టిన సంవత్సరం వేశారట. మూడు గంటల పరిమితి ఉన్నా, పెద్దవాడు కూర్చొని దానిని గంటకు కుదించాడు. ఇషా తర్వాత ఫోను తల్లి తలగడ కిందికి పోతుంది. డబ్బు పంపే రహస్య సంఖ్య మార్చారు. కొత్త సంఖ్య ఎవరికి తెలుసని మేము అడగలేదు.

మేము బయలుదేరే వేళకు గుమ్మం అవతల నుండి ఆ తల్లి మరిదిని ఉద్దేశించి, "రాత్రి రైలుకు పోదురు గాని, ఉండండి. నా ఫోనుకు రీచార్జి అయిపోయింది" అన్నారు. ఆయన ఒక్క క్షణం అన్నగారి వైపు చూసి, చేయి చాచి ఫోను అందుకున్నారు.